సీఆర్‌పీ (ఒంట్లో మంటని, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ని, చూపే రక్తపరీక్ష) నార్మల్‌కి వచ్చింది, నీరసం మాత్రం అలాగే ఉంది. ఇంజెక్షన్ మార్చాలా?

ప్రశ్న: మణికట్టు28

రుమటాయిడ్ ఆర్థరైటిస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల మీదే దాడి చేసే జబ్బు) కేసు ఒకటి. అంకెలు మాత్రమే పెడుతున్నాను, చూసి చెప్పండి.

స్త్రీ, 48 ఏళ్లు. జబ్బు మొదలై 6 ఏళ్లు. ఆర్‌ఎఫ్, యాంటీ సీసీపీ (ఈ జబ్బుని గుర్తుపట్టే రక్తపరీక్షలు) రెండూ పాజిటివ్. మెథోట్రెక్సేట్ (జబ్బుని అదుపు చేసే ప్రధాన మందు) 20 మి.గ్రా. మాత్రలు వారానికి ఒకసారి, ఆదివారం రాత్రి. ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా. సోమవారం ఒక్కరోజే. అడాలిముమాబ్ (మంట పుట్టించే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ని అడ్డుకునే బయోలాజిక్ ఇంజెక్షన్) 40 మి.గ్రా. రెండు వారాలకోసారి, 7 నెలలుగా. ప్రెడ్నిసోలోన్ (స్టెరాయిడ్) 14 నెలలు 5 మి.గ్రా. మీద ఉండి, 3 వారాల క్రితం 2.5కి తగ్గించారు. రాత్రిపూట ప్రీగాబాలిన్ (నరాల నొప్పి మందు) 75 మి.గ్రా.

సీఆర్‌పీ లీటరుకు 4 మి.గ్రా., ఈఎస్‌ఆర్ (మంటని చూపే ఇంకో రక్తపరీక్ష) 18. నొక్కితే నొప్పి ఉన్న కీళ్లు 9, వాపు ఉన్నది 1. పేషెంట్ తనకు తాను ఇచ్చుకున్న స్కోరు 100కి 60. డాస్28 (28 కీళ్లు చూసి జబ్బు తీవ్రత కొలిచే స్కోరు) లెక్క 4.8 వచ్చింది. హిమోగ్లోబిన్ 10.8, ఎంసీవీ (ఎర్ర రక్తకణం సైజు) 79, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ) 62, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (రక్తంలో తిరిగే ఐరన్ వాటా) 13 శాతం. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) నార్మల్.

అసలు ఫిర్యాదు అలసట. పడుకుని లేచినా తీరదు, మధ్యాహ్నానికి ఒళ్లు సీసం పోసినట్టు బరువెక్కుతుంది, మాట మధ్యలో పదం దొరకదు. సోమ, మంగళవారాలు మరీ ఘోరం. డాస్ 4.8 కాబట్టి అడాలిముమాబ్ ఆపి వేరే బయోలాజిక్‌కి వెళ్దామన్న ప్రస్తావన వచ్చింది. మంట తగ్గినట్టు రక్తపరీక్ష చెబుతోంది, స్కోరు మాత్రం ఎక్కువ చూపిస్తోంది. దేన్ని నమ్మాలి? మంట లేకపోతే ఈ అలసట ఎక్కడిది?

జవాబు: నివురు

ముందు ఆ 4.8ని విప్పి చూద్దాం. అందులోనే సగం జవాబు ఉంది.

డాస్28 (ఈఎస్‌ఆర్ రకం) నాలుగు ముక్కల కూడిక. నొప్పి కీళ్ల సంఖ్య వర్గమూలానికి 0.56 రెట్లు, వాపు కీళ్ల వర్గమూలానికి 0.28 రెట్లు, ఈఎస్‌ఆర్ సహజ లాగరిథమ్‌కి 0.70 రెట్లు, పేషెంట్ స్కోరుకి 0.014 రెట్లు. మీ అంకెలు వేస్తే 1.68, 0.28, 2.02, 0.84. మొత్తం 4.82.

వాపు వాటా 0.28, అంతే. నొప్పి, పేషెంట్ స్కోరు కలిపితే 2.52. అంటే సగానికి పైగా పేషెంట్ అనుభవం నుంచి వచ్చింది. ఆ అనుభవం అబద్ధమని కాదు. కానీ దానికి కారణం కీలులోని మంటే అని ఈ సూత్రం రుజువు చేయలేదు. పైగా ఈఎస్‌ఆర్ 18 ఆ వయసు స్త్రీకి నార్మలే (పాత లెక్క ప్రకారం వయసుకి 10 కలిపి సగం చేస్తే 29 వరకు ఒప్పుకోవచ్చు). అయినా 2 పాయింట్లు తెచ్చి పెట్టింది. రక్తహీనత ఉంటే ఈఎస్‌ఆర్ దానంతట అదే కాస్త పెరుగుతుంది కూడా.

ఇంకో గుర్తు: నొప్పి కీళ్లలోంచి వాపు కీళ్లు తీసేస్తే 8. ఈ తేడా 7 లేదా అంతకంటే ఎక్కువైతే ఆర్థరైటిస్‌తో పాటు ఫైబ్రోమయాల్జియా కూడా ఉందేమో అని చూడాలి. నరాల వ్యవస్థ నొప్పి వాల్యూమ్ పెంచేసుకున్న స్థితి అది. అలసట, నిద్ర పట్టినా సేద తీరకపోవడం, మతి మసకబారడం దాని సొంత లక్షణాలు. దీనికి బయోలాజిక్ మారిస్తే ఒరిగేది ఏమీ ఉండదు. కొత్త మందు, కొత్త నిరీక్షణ, మూడు నెలలకి మళ్లీ అదే 4.8.

అలాగని మంట లేదని ఇప్పుడే తేల్చేయకండి. నివురుగప్పిన నిప్పు ఉండొచ్చు. రెండు చోట్ల దాక్కుంటుంది. ఒకటి, పాదాలు. డాస్28లోని 28 కీళ్లలో చీలమండలు, పాదాల కీళ్లు లేవు. కాబట్టి చెప్పులు విప్పించి కాలివేళ్ల మొదళ్లు అడ్డంగా నొక్కి చూడాలి. రెండు, చేతికి తగలని వాపు. దానికి పవర్ డాప్లర్ అల్ట్రాసౌండ్ (మంట ఉన్నచోట పెరిగే రక్తప్రవాహాన్ని చూపే స్కాన్) ఉంది. మణికట్లు, వేళ్ల మొదటి కణుపులు, కాలివేళ్ల మొదళ్లు చూస్తే చాలావరకు తేలిపోతుంది. కీలు పొరలో డాప్లర్ సిగ్నల్ ఉంటే మందు మార్పు గురించి మాట్లాడుకోవచ్చు. ఎక్కడా లేకపోతే అలసటకి వేరే దారి వెతకాలి.

సీఆర్‌పీ విషయంలో రెండు హెచ్చరికలు. కొన్ని ల్యాబులు లీటరుకి, కొన్ని డెసిలీటరుకి ఇస్తాయి. రెండింటికీ 10 రెట్ల తేడా. పాత రిపోర్టుతో పోల్చే ముందు యూనిట్ చూడండి. రెండోది, ఐఎల్-6 అనే మంట ప్రొటీన్‌ని అడ్డుకునే టోసిలిజుమాబ్ లాంటి మందుల మీద ఉన్నవాళ్లలో సీఆర్‌పీ దాదాపు సున్నాకి పడిపోతుంది. లివర్‌కి సీఆర్‌పీ తయారు చేయమని చెప్పేదే ఐఎల్-6 కాబట్టి. అక్కడ నార్మల్ సీఆర్‌పీని చూసి మంట లేదు, ఇన్ఫెక్షన్ లేదు అనుకోవడం ప్రమాదం. మీ కేసులో ఆ మందు లేదు, సరే. కానీ రేపు మారిస్తే ఇది గుర్తుండాలి.

జవాబు: ల్యాబ్ బల్ల

నివురు గారు కీళ్ల దగ్గర ఆగిపోయారు. నాకు మీ పోస్టులో మొదట కనబడింది హిమోగ్లోబిన్.

మంట ఎక్కువగా ఉన్న రోజుల్లో ఐఎల్-6 లివర్ చేత హెప్సిడిన్ అనే హార్మోన్ తయారు చేయిస్తుంది. పేగు నుంచీ, నిల్వ కణాల నుంచీ ఐరన్ బయటికొచ్చే తలుపును అది మూసేస్తుంది. గోదాం నిండా సరుకుంటుంది, బయటికి బండి కదలదు. ఇది మంట వల్ల వచ్చే రక్తహీనత. ఇందులో ఫెరిటిన్ మామూలుగానో, ఎక్కువగానో ఉంటుంది. మామూలు ఐరన్ లోపంలో గోదామే ఖాళీ. ఆర్థరైటిస్ ఉన్నవాళ్లలో ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి. మంట ఫెరిటిన్‌ని పైకి నెడుతుంది కాబట్టి మామూలు జనానికి వాడే 15, 30 అనే గీతలు ఇక్కడ పనికిరావు. దీర్ఘకాలిక మంట జబ్బులో ఫెరిటిన్ 100 లోపు, సాచురేషన్ 20 శాతం లోపు ఉంటే ఐరన్ లోపం ఉందనే అనుకోవాలి. 62, 13 శాతం, పైగా ఎంసీవీ 79. "ఫెరిటిన్ నార్మల్" అని ల్యాబ్ వేసిన ముద్ర చూసి పక్కన పెట్టేసి ఉంటారు.

ఐరన్ ఇచ్చేస్తే పని అయిపోదు, ఎక్కడ పోతోందో చూడాలి. 48 ఏళ్లంటే నెలసరి ఎక్కువవుతోందా అని అడగాలి. నొప్పి మాత్రలు ఎన్నాళ్లు వాడారు, ఇప్పటికీ చాటుగా వేసుకుంటున్నారా, మలం నల్లగా వస్తోందా అన్నవీ అంతే ముఖ్యం. నొప్పి మాత్రలూ ప్రెడ్నిసోలోన్ కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మాత్రల ఐరన్ అయితే రోజు విడిచి రోజు ఒక్క మోతాదు సరిపోతుంది. ఒక మోతాదు వేయగానే హెప్సిడిన్ ఒక రోజు పాటు పెరిగి ఉంటుంది, అప్పుడు వేసిన రెండో మాత్ర చాలావరకు వృథా. నాలుగు వారాలకి హిమోగ్లోబిన్ ఒక గ్రాము కూడా కదలకపోతే మాత్రలు ఇముడుతున్నాయా లేదా అన్నది చూసి నరంలోకి ఇచ్చే ఐరన్ గురించి అడగొచ్చు.

ఇక్కడే ఇంకో ప్రశ్న వేయండి: రాత్రి పడుకోగానే కాళ్లు కదపకపోతే ఉండలేని చిరాకు ఉందా? రెస్ట్‌లెస్ లెగ్స్‌కి ఐరన్‌తో సంబంధం ఉంది, దానికి ఫెరిటిన్ 75 లోపే చికిత్స గీత. ఉంటే అలసటకి నిద్ర వైపు నుంచి కూడా కారణం దొరికినట్టే. గురక, నిద్రలో ఊపిరి ఆగడం గురించి పక్కన పడుకునేవాళ్లని అడగాలి, పేషెంట్‌ని కాదు.

బీ12, లివర్, క్రియాటినిన్, షుగర్ ఒకసారి చూడండి. అంతకు మించి పది పేజీల ప్యాకేజీ టెస్టులు వద్దు. ఏదో ఒకటి గీత దాటి కనిపిస్తుంది, మోకాలికీ బోడిగుండుకీ ముడి పడుతుంది.

జవాబు: ఆదివారం మాత్ర

సోమ, మంగళవారాలు ఘోరం అన్నారు కదా. మెథోట్రెక్సేట్ ఆదివారం రాత్రి. ఇది కాకతాళీయం కాకపోవచ్చు. మందు వేసిన తర్వాత ఒకటి రెండు రోజులు ఒళ్లు హూనమవడం, తల మొద్దుబారడం, వికారం చాలామందిలో ఉండేదే. డాక్టర్‌తో మాట్లాడి సరిచేసుకునే వీలు నాలుగు చోట్ల ఉంది.

ఫోలిక్ యాసిడ్ వారానికి 5 మి.గ్రా. అన్నది కనీస మోతాదు. మెథోట్రెక్సేట్ వేసే రోజు వదిలి మిగతా రోజుల్లో పెంచుకునే వీలుంది. 15 మి.గ్రా. దాటాక నోటి మాత్ర పేగులోంచి పూర్తిగా ఎక్కదు. అదే రోజు పొద్దున సగం, రాత్రి సగం వేసుకుంటే ఎక్కువ ఇముడుతుంది, కడుపు కూడా కాస్త ఊరుకుంటుంది. లేదా చర్మం కింద ఇంజెక్షన్‌కి మారొచ్చు. ఇవేవీ కాకపోతే రోజు మార్చండి, సెలవు ముందురోజు రాత్రికి. సగం సగం అన్నది ఒకే రోజులో మాత్రమే. మర్నాటికి, ఆ పై రోజుకి పాకితే అది రోజువారీ మోతాదు అవుతుంది, మెథోట్రెక్సేట్ రోజూ వేసుకోవడం ప్రాణాంతకం. పొరపాటు జరిగేది ఎప్పుడూ ఇలాంటి మార్పుల దగ్గరే. చీటీ మీద వారం పేరు రాయించుకోవాలి.

అలసటతో పాటు నోట్లో పుళ్లు, కొత్తగా గాయాలు కమలడం, జ్వరం కనిపిస్తే అది మామూలు నీరసం కాదు. ఎముక మజ్జ దెబ్బతింటోందేమో అని ఆ రోజే రక్తకణాల లెక్క చూడాలి. కో-ట్రైమోక్సజోల్, అంటే ట్రైమెథోప్రిమ్ కలిసిన యాంటీబయాటిక్, మెథోట్రెక్సేట్‌తో కలపకూడదు. కొత్త ఆయాసం, పొడి దగ్గు ఉంటే ఊపిరితిత్తుల వైపు చూడాలి. అది మందు వల్లా కావచ్చు, జబ్బు వల్లా కావచ్చు.

ఇక ఎవరూ ప్రస్తావించనిది ప్రెడ్నిసోలోన్ తగ్గించిన సంగతి. 14 నెలలు 5 మి.గ్రా. మీద ఉంటే ఒంటికి కావలసిన స్టెరాయిడ్‌ని (కార్టిసాల్) తయారు చేసే అడ్రినల్ గ్రంథి నిద్రపోయి ఉండొచ్చు. 5 నుంచి 2.5కి అంటే ఒక్కసారిగా సగానికి కోత. చూడ్డానికి చిన్న అంకె, శరీరానికి పెద్ద మెట్టు. 5 నుంచి కిందికి నాలుగు వారాలకి 1 మి.గ్రా. చొప్పున దిగడం వాడుక. అలసట ఈ మూడు వారాల్లో పెరిగిందా, అంతకుముందూ ఇంతేనా? పెరిగితే, దానికి తోడు వికారం, నిలబడితే కళ్లు తిరగడం, ఆకలి చావడం, ఒళ్లంతా నొప్పులు ఉంటే పొద్దున 8, 9 గంటల మధ్య కార్టిసాల్ పరీక్ష అడగండి. డెసిలీటరుకి 10 మైక్రోగ్రాములు దాటితే గ్రంథి లేచినట్టు. 5 లోపు ఉంటే ఇంకా నిద్రలోనే ఉంది, మోతాదు నిలపాలి. మధ్యలో ఉంటే అదే మోతాదు మీద ఉండి కొన్నాళ్లకి మళ్లీ చూస్తారు. ఆపుకోలేని వాంతులు, బీపీ పడిపోవడం, మనిషి అయోమయంగా మాట్లాడడం ఉంటే పరీక్ష కోసం ఆగకూడదు, నేరుగా ఎమర్జెన్సీ.

ప్రీగాబాలిన్ పగటి మత్తుకి పెట్టింది పేరు. మోతాదు పెంచినప్పుడల్లా మసక పెరిగిందా అని తేదీలు సరిచూడండి.

మణికట్టు28

ముగ్గురికీ ధన్యవాదాలండి. ప్రెడ్నిసోలోన్ తగ్గించక ముందు కూడా అలసట ఉంది, 10కి 6 అనుకుంటే ఇప్పుడు 8. కాళ్ల చిరాకు ఉందట, అడిగితే తప్ప చెప్పలేదు. పాదాలు ఎవరూ చూడలేదు. ఒక సందేహం: ఇన్ని కారణాలు ఉన్నాయంటే మంటకీ అలసటకీ అసలు సంబంధమే లేదనుకోవాలా? వ్యాయామం చేయమంటున్నారు, నడిచిన మర్నాడు మంచం దిగలేకపోతుంటే ఎలా?

జవాబు: మెట్టు మెట్టు

సంబంధం ఉంది. ఒకటికి ఒకటి లెక్కన లేదు, అంతే.

జ్వరం వచ్చినప్పుడు మూలన ముడుచుకుని పడుకోవాలనిపిస్తుంది కదా, అది మెదడు తీసుకునే నిర్ణయం. టీఎన్‌ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6 రక్తం ద్వారానూ, వేగస్ నాడి ద్వారానూ మెదడుకి కబురు పంపితే అది ఒంటిని ఆపేస్తుంది. ఆర్థరైటిస్‌లో ఆ కబురు నెలల తరబడి వెళ్తూనే ఉంటుంది. 2011లో జర్మనీలోని ఎర్లాంగెన్ పరిశోధకులు ఒక చిన్న అధ్యయనంలో టీఎన్‌ఎఫ్ మందు ఇచ్చి మెదడు స్కాన్ తీశారు. కీళ్ల వాపు తగ్గకముందే, 24 గంటల్లోనే, నొప్పికి మెదడు స్పందన తగ్గింది. మంట మెదడుతో నేరుగా మాట్లాడుతుందనడానికి అది మంచి సాక్ష్యం. అయినా బయోలాజిక్‌లు అలసటని సగటున తగ్గించేది కొంతవరకే. మంట ఆరేలోపు కండ తరిగిపోయి ఉంటుంది, నిద్ర చెడి ఉంటుంది, మనసు కుంగి ఉంటుంది. పొయ్యి ఆర్పినంత మాత్రాన ఇవి వాటంతటవే తిరిగి రావు. 2023 నాటి యూలార్ (యూరప్ రుమటాలజీ సంఘాల కూటమి) సిఫారసులు చెప్పేదీ ఇదే: అలసటని విజిట్‌లలో క్రమం తప్పకుండా కొలవాలి, శారీరక శ్రమ, పద్ధతి ప్రకారం కౌన్సెలింగ్ అందించాలి, మంట ఉంటేనే మంట మందు చూడాలి.

వ్యాయామం సంగతి. మర్నాడు మంచం దిగలేకపోతున్నారంటే మోతాదు తప్పు, మందు తప్పు కాదు. మామూలుగా జరిగేది ఏమిటంటే, ఒంట్లో బావున్న రోజు పేరుకున్న పనంతా చేసేసి, ఉన్న ఓపికంతా ఊడ్చేసి, తర్వాత రెండు రోజులు పడుకోవడం. ఆ రెండు రోజుల్లో కండ ఇంకాస్త బలహీనపడుతుంది. తర్వాతి మంచిరోజు ఇంకాస్త చిన్నదవుతుంది.

మొదటి వారం ఏమీ మార్చకుండా రోజుకి ఎన్ని నిమిషాలు నడిచారో రాయండి. సగటు 15 వచ్చిందనుకుందాం. అందులో మూడొంతులు, 11 నిమిషాలు, మీ మొదటి మెట్టు. మంచిరోజైనా 11 దాటొద్దు, చెడ్డరోజైనా వీలైతే రెండు ముక్కలుగా చేసి పూర్తి చేయండి. మంచిరోజున ఆగడమే కష్టం, చాలామంది చెడేది అక్కడే. రెండు వారాలు నిలకడగా నడిస్తే ఒకటి రెండు నిమిషాలు కలపండి. వేగం ఎంతంటే, మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. వ్యాయామం తర్వాత పెరిగిన కీళ్లనొప్పి రెండు గంటలు దాటి ఉంటే మర్నాడు ఆపొద్దు, తగ్గించండి.

కండకి వారంలో రెండు రోజులు చాలు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, 8 సార్లు, కాసేపు ఆగి మళ్లీ 8. చేయలేకపోతే కుర్చీ ఎత్తు పెంచండి, లెక్క తగ్గించొద్దు. కీలు వాచి వేడిగా ఉన్నప్పుడు ఆ కీలుకి బరువు వద్దు, మెల్లగా అటూ ఇటూ కదిపితే చాలు. జబ్బు పాతదై, మెడనొప్పి తల వెనక్కి పాకుతూ, చేతులు తిమ్మిరెక్కుతుంటే మెడ వ్యాయామాలు, మెడ విరిపించుకోవడాలు పూర్తిగా ఆపి ఎక్స్‌రే తీయించాలి. పై రెండు వెన్నుపూసల మధ్య పట్టు వదిలి ఉండొచ్చు.

ఇది కేవలం ధైర్యం చెప్పే మాట కాదు. బ్రిటన్‌లో 2019లో వచ్చిన రాఫ్ట్ ట్రయల్‌లో రుమటాలజీ నర్సులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు చిన్న బృందాలకి ఇలాంటి పద్ధతులు నేర్పితే అలసట ప్రభావం తగ్గి, ఆ తగ్గుదల రెండేళ్లు నిలిచింది. 2022 నాటి లిఫ్ట్ ట్రయల్‌లో ఫోన్ మీద చేసినా పనిచేసింది.

జవాబు: నివురు

ఒక చిన్న అభ్యంతరం. మెట్టు మెట్టు గారు చెప్పింది నిజమే, కానీ హిమోగ్లోబిన్ 10.8తో, కార్టిసాల్ తేలకుండా వ్యాయామం పెంచడం మొదలుపెడితే "చేశాను, పడలేదు" అన్న ముద్ర పడిపోతుంది, మళ్లీ ఒప్పించడం కష్టం. మొదటి వారం రాసుకోవడం ఇప్పుడే మొదలుపెట్టండి. పెంచడం మాత్రం ఆ రెండూ తేలాక.

జవాబు: మెట్టు మెట్టు

ఒప్పుకుంటాను. 11 నిమిషాల దగ్గరే ఉండమనండి, అంతకంటే కిందికి దిగొద్దు కూడా.

మణికట్టు28

విజిట్ వచ్చే నెల. పది నిమిషాలే దొరుకుతాయి. ఏం పట్టుకెళ్లాలి, దేన్ని ముందు అడగాలి?

జవాబు: ల్యాబ్ బల్ల

నెలరోజుల కాగితం ఒకటి, ఒకే పేజీ. రోజుకి ఒక గీత: పొద్దున కీళ్లు బిగుసుకున్నది ఎన్ని నిమిషాలు, అలసట పొద్దున, మధ్యాహ్నం, రాత్రి 10కి ఎంత, నిద్ర ఎన్ని గంటలు, మెథోట్రెక్సేట్ వేసిన రోజు ఒక చుక్క, అడాలిముమాబ్ రోజు ఇంకో గుర్తు. ఇంజెక్షన్‌కి ముందు మూడు నాలుగు రోజులు ప్రతిసారీ బిగువు పెరుగుతుంటే మందు రెండు వారాలు ఆగట్లేదని అర్థం, అది నిజంగానే మంట వైపు సూచన. చుక్క తర్వాత రెండు రోజులే పెరుగుతుంటే మెథోట్రెక్సేట్. ఏ లయా లేకుండా రోజంతా 7, 8 ఉండి బిగువు పది నిమిషాల్లో వదులుతుంటే నిద్ర, ఫైబ్రోమయాల్జియా, కుంగుబాటు వైపు చూడాలి. కుంగుబాటుకి పీహెచ్‌క్యూ-9 (తొమ్మిది ప్రశ్నల ఫారం) ముందే నింపి తీసుకెళ్లొచ్చు, కాకపోతే అందులో అలసట, నిద్ర ప్రశ్నలు ఆర్థరైటిస్ వల్ల కూడా పెరుగుతాయి, మొదటి రెండు ప్రశ్నల్ని ఎక్కువ నమ్మండి.

డాక్టర్‌ని అడిగే మొదటి ప్రశ్న: "మందు మార్చే ముందు చేతులకీ పాదాలకీ అల్ట్రాసౌండ్ చూద్దామా?" రెండోది ఐరన్. కార్టిసాల్ మాత్రం విజిట్ దాకా ఆగొద్దు, 6 నుంచి 8కి పెరిగింది కాబట్టి ఈ వారమే ఫోన్ చేసి అడగండి. అప్పటిదాకా ప్రెడ్నిసోలోన్ సొంతంగా తగ్గించొద్దు, ఆపొద్దు.

జవాబు: ఆదివారం మాత్ర

కార్టిసాల్ ఇచ్చే పొద్దున ప్రెడ్నిసోలోన్ మాత్ర రక్తం తీశాకే వేసుకోవాలి, ముందురోజు మాత్రకీ రక్తానికీ మధ్య 24 గంటలు ఉండాలి. ముందే వేసుకుంటే మెషీన్ ప్రెడ్నిసోలోన్‌ని కూడా కార్టిసాల్ అనుకుని ఎక్కువ చూపిస్తుంది. ఈస్ట్రోజెన్ మాత్రలు వాడుతుంటే అదీ ల్యాబ్‌లో చెప్పాలి, వాటితో కూడా అంకె పెరుగుతుంది. ఆ రోజు మాత్రని బ్యాగులో పెట్టుకుని వెళ్లమనండి, సూది తీయగానే అక్కడే వేసుకోవచ్చు.